కొండ పండ్లు, తోట పండ్లు: పేర్ల వెనక సంగతులు

చెట్టుకు కాసినదాన్ని తెలుగువాళ్లు ఒక్క మాటతో సరిపెట్టరు. పూత నిలిస్తే పిందె. పిందె ఊరితే కాయ. కాయలో పచ్చిదనం విరిగి రంగు తిరిగితే దోర. మెత్తబడి తీపెక్కితే పండు. కాయనూ పండునూ ఇలా విడదీసి చూడడం దక్షిణాది భాషలకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. తమిళంలో కాయ్, పళం. కన్నడంలో కాయి, హణ్ణు. చెట్టు కాస్తుంది, కాసింది కాయ, ఆ ఏటి దిగుబడి కాపు. ఈ మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. 'పండు' అన్న మాట నామవాచకమూ, క్రియా కూడా. పొలంలో పండింది పంట. నెరిసిన తల పండిన తల. గోరింటాకు ఎర్రగా తేలితే చెయ్యి పండింది, అనుకున్నది నెరవేరితే నోము పండింది. పక్వానికి రావడం అన్న భావమంతా ఈ రెండక్షరాల్లోనే ఉంది.

ఏ చెట్టు ఫలాన్ని కాయ అనాలో, దేన్ని పండు అనాలో వాడకమే తేలుస్తుంది. నిమ్మ పసుపుపచ్చగా మాగినా నిమ్మకాయే, ఎందుకంటే దాన్ని పులుపు కోసం వాడతారు. జామను దోరగా ఉన్నప్పుడే కొరుక్కుతింటారు కనక జామకాయ. నేరేడు, రేగు మాగితే తప్ప నోటికి బాగుండవు కనక నేరేడుపండు, రేగుపండు. నిమ్మ వ్యాపారంలో మాత్రం ఈ రెండు మాటలూ కలిసిపోయి 'పండుకాయ' అన్న మాట పుట్టింది. ఆకుపచ్చగా ఉండి దూరప్రయాణానికి ఆగేది పచ్చికాయ, పసుపు తిరిగింది పండుకాయ. ఒకే చెట్టున కోసిన రెంటికీ వేర్వేరు ధరలు కాబట్టి, ఆ మాట వ్యాకరణానికి పట్టినా పట్టకపోయినా వ్యాపారికి కావలసివచ్చింది.

కాయకూ పండుకూ ఉన్న తేడా చింతలో కనిపించినంత తేటగా మరో చెట్టులో కనిపించదు. లేత చిగురు పప్పులోకీ మాంసంలోకీ పోతుంది. పచ్చి చింతకాయను ఉప్పు వేసి తొక్కితే ఏడాదంతా నిలవుండే పచ్చడి. దోరకాయలో గుజ్జు పెంకు నుంచి విడివడి ఉంటుంది. విరిచి నోట్లో వేసుకుంటే సగం పులుపు, సగం తీపి. ఎండలు ముదిరేసరికి కాయలు దులిపి, పెంకు వొలిచి, ఈనెలు లాగి, పిక్కలు కొట్టి తీసేస్తే అప్పుడది చింతపండు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో నడుస్తుంది. ముందు ఒక రాయి, పక్కన ఒక చాట. పిక్క జారి బయటికి వచ్చేంత దెబ్బ పడాలి, గుజ్జు నలిగిపోకూడదు. ఆ చింతపండే నెల్లూరు చేపల పులుసుకు ఆధారం, మామిడికాయ ముక్కలు దానికి తోడు. చింత పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రం చెబుతుంది. అరబ్బు వర్తకులు దాన్ని 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషు 'టామరిండ్'కూ, 1753లో లినేయస్ పెట్టిన 'టామరిండస్ ఇండికా'కూ మూలం ఆ మాటే. ఆఫ్రికా చెట్టుకు అరబ్బులు హిందూదేశం పేరు పెట్టేనాటికే అది ఇక్కడ పాతుకుపోయి, సొంత చెట్టయిపోయింది.

నెల్లూరు జిల్లా పడమటి భాగమైన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు పండ్ల పేర్లు పరిశీలించేవారికి అనువైన చోటు. పడమట వెలిగొండలు గోడకట్టినట్టు నిలబడ్డాయి. ఆ గోడను చీల్చుకుని పెన్న సోమశిల దగ్గర జిల్లాలోకి దిగుతుంది. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం ఈ కొండల మీదిదే. కొండవాలున తుప్పల్లో, బండల సందుల్లో వాటంతటవే మొలిచిన పండ్లచెట్లు ఒక వర్గం. కింద ఎర్రనేలల్లో బావుల కింద, బోర్ల కింద నాటిన నిమ్మ, బత్తాయి, మామిడి తోటలు ఇంకొక వర్గం. పేర్లు కూడా ఇలాగే రెండు వర్గాలుగా ఉన్నాయి. కొండ పండ్ల పేర్లు చాలావరకు ఈ నేలలోనే పుట్టినవి. తోట పండ్ల పేర్లలో చాలావాటికి ప్రయాణాల చరిత్ర ఉంది.

ముందుగా కొండ పేర్లు. రేగు, నేరేడు, ఈత, వెలగ, మేడి, ఉసిరి, తునికి, పాల, కలివి, బలుసు, పరికి, ఊడుగ. అన్నీ రెండు మూడు అక్షరాల మాటలే. వీటిలో ఎక్కువ భాగానికి విడదీసి అర్థం చెప్పడానికి వీలుండదు. నీరు, నిప్పు, కన్ను, కాలు ఎంత పాతవో ఇవీ అంత పాత మాటలు. వాటి వయసు వ్యాకరణంలోనే తెలుస్తుంది. నేరేడు మరో మాట ముందుకు వచ్చినప్పుడు నేరేటి అవుతుంది: నేరేటిపండు, నేరేటిచెట్టు. రేగు రేగి అవుతుంది, తాడు తాటి అవుతుంది. తాటిచెట్టు, తాటిముంజ అనే వాడుక బలపడి 'తాడు', 'తాడి' అన్న రూపాలు సామెతల్లోనే మిగిలాయి: తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. బయటి నుంచి వచ్చిన సపోటాకూ అనాసకూ ఈ మార్పు లేదు. తెలుగు పాత పద్ధతిలో ఒంగే పేర్లు తెలుగుతోపాటు పెరిగినవని అనుకోవచ్చు.

రేగు ఒక్క చెట్టు కాదు, ఒక కుటుంబం. పెద్ద కాయ కాసేది గంగరేగు. నేలబారుగా ముళ్లకంపలా పాకేది నేలరేగు. నల్లటి చిన్న పండ్లతో, కొక్కేల్లాంటి ముళ్లతో అల్లుకునేది పరికి. గట్టి టెంక తప్ప తినడానికి పెద్దగా ఏమీ లేనిది గొట్టి. వృక్షశాస్త్రజ్ఞులు ఈ నాలుగింటినీ 'జిజిఫస్' అన్న ఒకే ప్రజాతిలో చేర్చారు. రేగుకు సంస్కృతంలో బదరి అని పేరు. బదరికాశ్రమానికి ఆ పేరు దీని నుంచే వచ్చింది. సంక్రాంతి ముందురోజు పిల్లల తల మీద పోసే భోగిపళ్లు ఇవే. రథసప్తమి నాడు జిల్లేడాకులతోపాటు తల మీద పెట్టుకునేవీ ఇవే. ఎండిన పండ్లను మిరపకాయ, ఉప్పు, బెల్లంతో దంచి రేగువడియాలు పెట్టుకోవడం మెట్టసీమ ఇళ్లలో పాత అలవాటు.

నేరేడు ఏకంగా భూఖండానికే పేరిచ్చింది. సంస్కృతంలో దాని పేరు జంబూ. పూజ మొదట్లో సంకల్పం చెప్పేటప్పుడు వచ్చే జంబూద్వీపం అంటే నేరేడుచెట్టు ద్వీపం. వాగుల ఒడ్డున తేమ దొరికే చోట ఇది బాగా ఎదుగుతుంది. పెద్ద పండ్ల రకాన్ని అల్లనేరేడు అంటారు. జూన్, జూలై వచ్చేసరికి పిల్లల నాలుకలు ఊదా రంగులోకి తిరిగాయంటే నేరేడు కాపు మొదలైందన్నమాట.

పాలచెట్టు పేరు మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. కొమ్మ తుంచితే, ఆకు గిల్లితే తెల్లగా పాలు కారుతాయి. తూర్పు తీరాన శ్రీహరికోట అడవుల్లోనూ, లోపలి మెట్ట అడవుల్లోనూ పెరిగే ఈ చెట్టు సపోటాకు దగ్గరి బంధువు. పండు వేపపండంత ఉంటుంది, పసుపు రంగు, లోపల ఒకే గింజ. నాలుగు తింటే తీపి. దోసెడు తింటే పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయి. పండులోనూ ఉన్న ఆ జిగురే చెట్టుకు పేరు తెచ్చింది. అయితే అదే కారణంతో పేరు పొందిన పాలకొడిశ వేరే చెట్టు. దానికి జంటగా వేలాడే కాయలు తినడానికి పనికిరావు. పాలు కారడం ఒక్కటే చూసి పేరు పెట్టినందువల్ల వచ్చిన చిక్కు ఇది.

కోస్తాలో వాక్కాయ అనేదాన్ని నెల్లూరు పడమటి భాగంలోనూ కడప వైపునా కలివికాయ అంటారు. ముళ్లపొద. తెల్లటి పూలు సన్నజాజుల్లా ఉంటాయి. పచ్చికాయ పప్పులోకి, పచ్చడిలోకి; నల్లగా మాగితే తినడానికి. ఈ పొద పేరును మోస్తున్న ఒక పక్షి ఉంది: కలివికోడి. కలివి పొదల మధ్య రాత్రిపూట నేల మీద తిరుగుతుంది. 1840ల్లో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ దీన్ని సేకరించాడు. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. ఇంగ్లీషులో దానికి జెర్డాన్ పేరే పెట్టారు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు; అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో వెలిగొండలకు అవతల, కడప జిల్లా లంకమల కొండల దిగువన మళ్లీ దొరికింది. వెతికిన శాస్త్రవేత్తలకు దారి చూపింది అక్కడి వేటగాళ్ల ఎరుకే. ఒక పక్షి ఎక్కడ బతుకుతుందో దాని తెలుగు పేరు ముందే చెబుతోందంటే, ఊళ్లో పేర్లను శ్రద్ధగా రాసిపెట్టుకోవడం ఎంత అవసరమో ఈ ఒక్క ఉదంతంతోనే తెలుస్తుంది.

వెలగకు ఏనుగుతో ముడి ఉంది. పైకి చెక్కుచెదరకుండా ఉండి లోపల ఖాళీ అయినదాన్ని 'ఏనుగు మింగిన వెలగపండు' అంటారు. పందొమ్మిదో శతాబ్దపు వృక్షశాస్త్ర గ్రంథాలు కూడా దీన్ని 'ఫెరోనియా ఎలిఫాంటమ్' అనే పిలిచాయి. ఇప్పటి పేరు 'లిమోనియా ఆసిడిస్సిమా', అంటే మిక్కిలి పుల్లని నిమ్మ జాతిది అని. చెక్కలాంటి పెంకు పగలగొట్టి, గోధుమ రంగు గుజ్జులో బెల్లం కలుపుకుని తింటే దాని గొప్ప తెలుస్తుంది. వినాయకచవితి పాలవెల్లికి కూడా వెలగకాయ కావాలి.

మేడిపండు సంగతి ఇంకా విచిత్రం. వేమన పద్యం పుణ్యమా అని తెలుగులో మేడిపండు అంటే పైపై నిగనిగకు మారుపేరయింది. లోపలి పురుగుల వల్ల దానికి చెడ్డపేరు వచ్చింది గాని, అవి లేకపోతే మేడి కాయదు. మేడిపండు నిజానికి లోపలికి తిరిగిన పూలగుత్తి. వందల చిన్న పూలు గోడకు అతుక్కుని ఉంటాయి. చివరనున్న సన్నటి రంధ్రంలోంచి చిన్న కందిరీగలాంటి కీటకం లోపలికి దూరి, గుడ్లు పెడుతూనే ఆ పూలను పరాగసంపర్కం చేస్తుంది. బయటికి పువ్వు కనబడదు కాబట్టి ఇది పూయకుండానే కాసే చెట్టని పూర్వులు అనుకున్నారు. అలాంటి చెట్టుకు అమరకోశం ఇచ్చిన పేరు వనస్పతి. ఇవాళ ఆ మాట వంటనూనె డబ్బాల మీదికి చేరింది. మేడికే అత్తి అని ఇంకో పేరు. బజారులో దండలుగా గుచ్చి అమ్మే అంజీర ఈ జాతిదే గాని వేరే చెట్టు, దాని పేరు పారశీకం నుంచి వచ్చింది.

ఉసిరి దగ్గరికి వస్తే నెల్లూరు పేరే ముందుకు వస్తుంది. తమిళంలో ఉసిరిని నెల్లి అంటారు. నెల్లిచెట్టు కింద శివలింగం దొరికిందనీ, అదే మూలస్థానేశ్వరుడనీ, అందుకే ఊరు నెల్లూరయిందనీ స్థలపురాణం. తమిళంలోనే 'నెల్' అంటే వరి. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ జిల్లా కనక అదీ కుదురుతుందనేవాళ్లున్నారు. కథ ఏదైనా, విక్రమసింహపురి అన్న పాత రాజపేరు పోయి నెల్లూరు పేరే ఊరికి నిలిచింది. ఉసిరిలో మూడు రకాల పేర్లున్నాయి: రాతి ఉసిరి, రాచ ఉసిరి, నేల ఉసిరి. మొదటిది కార్తీకంలో వనభోజనాలు పెట్టుకునే పెద్ద చెట్టు. రెండోది గీతలు తీరిన పుల్లటి చిన్నకాయలు గుత్తులుగా కాసేది. మూడోది జానెడెత్తు మొక్క, కామెర్ల మందుగా పల్లెవైద్యంలో ప్రసిద్ధం. చెట్టుకూ గడ్డిమొక్కకూ ఒకే పేరేమిటని అనిపించవచ్చు. నేల ఉసిరి రెమ్మను తిరగేసి చూస్తే, చిన్న ఆకుల వరస కింద ఆవగింజంత గుండ్రటి కాయలు బారుతీరి ఉంటాయి, ఉసిరికొమ్మను కుదించి పెట్టినట్టు. శాస్త్రజ్ఞులు ఈ మూడింటినీ 'ఫిల్లాంథస్' ప్రజాతిలోనే చేర్చారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో పల్లె కళ్లు పట్టుకున్న బంధుత్వం ఇది.

కొండ పేర్లు తెలియడం ప్రాణానికి సంబంధించిన విషయం కూడా. చిల్లచెట్టు గింజను కుండ లోపల అరగదీసి చెరువునీళ్లు పోస్తే బురద కిందికి దిగి నీరు తేరుకుంటుంది. అందుకే దాన్ని తేరుకాయ అన్నవాళ్లూ ఉన్నారు. దాని సొంత ప్రజాతిలోదే ముసిడి. చిన్న నారింజలా నిగనిగలాడే ముసిడిపండులో గింజలు ఘోరమైన విషం. చూపుకు ముచ్చటగా ఉన్న పండును తినవచ్చో లేదో కొండకు వెళ్లే పిల్లలకు పెద్దలు పేరుతోనే నేర్పేవారు. బలుసు, ఊడుగ, తునికి, మొర్లి తినేవి. ముసిడి ముట్టరానిది.

పేరు ముందు చేరే చిన్న మాటలు కూడా చెట్టు గురించి చాలా చెబుతాయి. నేల అంటే పొట్టిది, పాకేది. చిట్టి అంటే చిన్నది: చిట్టీత నడుమెత్తు కూడా ఎదగని ఈత. గజ అంటే పెద్దది: గజనిమ్మ. సీమ అంటే పరాయిదేశం నుంచి వచ్చింది. సీమచింత మెక్సికో ప్రాంతపు చెట్టు. వంకర తిరిగిన కాయలో గులాబి, తెలుపు పప్పును చూసి చింతతో పోల్చి, అది ఇక్కడిది కాదని తెలిపేందుకు 'సీమ' చేర్చారు. పొలాల గట్ల మీద, కంచెల్లో అది ఎంతగా కలిసిపోయినా ఆ ఒక్క మాట దాని పుట్టుకను మరిచిపోనివ్వదు.

ఈ 'సీమ' దగ్గరే తోట పేర్లు మొదలవుతాయి. నెల్లూరు జిల్లా నిమ్మకు పెట్టింది పేరు. పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లు రాష్ట్రమంతటికీ తెలుసు. సంస్కృతంలో నింబూ, పారశీకంలో లీమూ, ఇంగ్లీషులో లెమన్, లైమ్. అన్నీ ఒకే మాట వేసిన అడుగులు. నారింజ ప్రయాణం ఇంకా పెద్దది. సంస్కృతం 'నారంగ' ద్రావిడ భాషల నుంచే పోయిందని భాషావేత్తలు భావిస్తారు. అక్కడి నుంచి పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరంహా, ఇంగ్లీషులో ఆరెంజ్. తెలుగు 'నారింజ'లోని జకారం చూస్తే ఆ మాట అరబ్బు వర్తకుల నోళ్లలో తిరిగి ఇంటికొచ్చిందేమో అనిపిస్తుంది.

ఉదయగిరి, వింజమూరు చుట్టుపక్కల తోటల్లోని బత్తాయి పేరు సముద్రం దాటి వచ్చింది. పాత తెలుగులో అది 'బత్తావి నారింజ'. బత్తావి అంటే బటావియా. డచ్చివారు 1619లో జావాలో కట్టుకున్న ఆ నగరమే ఇవాళ్టి జకార్తా. వాళ్ల కోరమాండల్ వ్యాపారానికి ముఖ్యస్థానం నెల్లూరుకు దక్షిణాన ఉన్న పులికాట్. ఆ ఓడల రాకపోకల్లోనే ఈ పేరు తీరానికి చేరి ఉండాలి. బెంగాలీలో 'బతాబి లేబు' అంటే బత్తాయి కాదు, పంపరపనస. ఊరు ఒకటే, పండు మారింది. పంపరపనసకూ పనసకూ ఏ బంధమూ లేదు. డచ్చి భాషలో ఆ పండు 'పొంపెల్‌మూస్', తమిళంలో 'బంబళిమాస్'. ఆ పరాయి మాటను తెలుగు నాలుక తనకు తెలిసిన పనసతో అతికించుకుందని చెప్పవచ్చు. నిమ్మజాతి పండుకు పనస పేరు ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు ఇంతకంటే నమ్మదగ్గ జవాబు కనబడదు.

వెలిగొండలు దాటి కడప వైపు దిగితే ఇదే బత్తాయి చీనీ అవుతుంది, చైనా పండు అని. ఈ సరిహద్దు ఊళ్లలో రెండు పేర్లూ చెల్లుతాయి. డచ్చివారు కూడా దాన్ని చైనా ఆపిలు అన్న అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. అరబ్బులు, పారశీకులు పోర్చుగల్ పేరుతో పిలుస్తారు. ఉత్తరాదివాళ్లు మొజాంబిక్ పేరు మీదుగా మొసంబి అంటారు. ఎవరికి ఏ ఓడ తెచ్చిచ్చిందో ఆ రేవు పేరే పండుకు నిలిచింది. తోటల్లో ఎక్కువగా కనిపించే సాత్‌గుడి రకం పేరు మాత్రం దగ్గరిదే, ఉత్తర ఆర్కాటులోని ఊరి పేరు నుంచి వచ్చింది.

అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల కాలంలో వచ్చిన పండ్లు కొన్ని సొంత పేర్లను ఉంచుకున్నాయి: అనాస, బొప్పాయి, తర్వాత వచ్చిన సపోటా. జామ అలా కాదు. తమిళంలో 'కొయ్యా' అన్న మాటలో అమెరికా పేరు ఇంకా వినిపిస్తుంది గాని తెలుగులో ఆ ఛాయ లేదు. అన్నిటికంటే చక్కగా కుదిరిన పేరు జీడిమామిడి. ఇక్కడి అడవుల్లో ముందునుంచే జీడిచెట్టు ఉంది. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లటి చెరగని రసం దాని గింజలోది. దాని శాస్త్రీయ నామం 'సెమికార్పస్'కూ గుర్తుపెట్టే కాయ అనే అర్థం. మామిడికాయ లోపలి లేత గింజ కూడా తెలుగులో జీడే. బ్రెజిల్ నుంచి వచ్చిన కొత్త చెట్టుకు ఒళ్లు పొక్కించే గింజ, దాని పైన రసమున్న పండు చూసి రెండు పాత పేర్లూ కలిపేశారు. జీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబానివని శాస్త్రం తర్వాత తేల్చింది.

మామిడి తోటల్లో పేర్లు మళ్లీ వేరే దారి పట్టాయి. చెట్టు పేరు పాతది: మా, మావి, మామిడి. మలయాళ, తమిళాల్లోని 'మాంగా' పోర్చుగీసుల నోట ప్రపంచమంతా తిరిగింది. రకాల పేర్లలో మాత్రం ఊరు, రూపం, రుచి, రాజసం అన్నీ కలిశాయి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి ఊరి పేరు. దానికే బేనిషా అని మరో పేరు, పారశీకంలో మచ్చ లేనిది అని. తోతాపురి చిలకముక్కు. చెరకురసం, కొబ్బరిమామిడి రుచి చెప్పే పేర్లు. ఇమాంపసందు ఇమాము మెచ్చింది. పునాస కాలం కాని కాలంలో కాసేది.

కొండకూ తోటకూ మధ్య ఇటూ అటూ కాని పండు ఒకటుంది: సీతాఫలం. పుట్టుక అమెరికాది, పేరు రామాయణానిది. పోర్చుగీసులతో వచ్చి, ఎవరూ నీళ్లు పోయకపోయినా రాళ్ల మధ్య పెరగగలిగి, కొండల మీద అడవిచెట్టయిపోయింది. మేకలు దాని ఆకు ముట్టవు కాబట్టి గుట్టల మీద నిలిచింది. సీత పేరు వచ్చాక, అన్నదమ్ములు కూడా చేరారు: అదే ప్రజాతిలో నున్నటి తొక్కది రామాఫలం, ముళ్లది లక్ష్మణఫలం. వానకాలం చివర కొండకు వెళ్లి కోసుకొచ్చేవాళ్లు కాయను నొక్కి చూడరు, కళ్లు చూస్తారు. తొక్క మీది గుబ్బలు కళ్లు. పచ్చికాయకు అవి దగ్గరగా ముడుచుకుని ఉంటాయి. పక్వానికొస్తే కళ్లు విచ్చుకుని, మధ్య సందుల్లో లేత పసుపో తెలుపో గీత తేలుతుంది. ఆ గీత లేకుండా కోసిన కాయ ఎన్నాళ్లు మాగవేసినా నల్లబడి ఎండుతుందే తప్ప పండదు. గీత ఉన్నదాన్ని గడ్డిలో పెడితే రెండు మూడు రోజుల్లో వేళ్లకు విచ్చుకుంటుంది.

చెట్టు పేరు ఊరికీ, ఊరి నుంచి ఇంటిపేరుకూ పాకింది. ఆత్మకూరు నుంచి బద్వేలు దారిలో వచ్చే మర్రిపాడు మర్రిచెట్టు ఊరు. నేరెళ్ల, మామిళ్లపల్లి, చింతలపాటి వంటి ఇంటిపేర్లలో నేరేళ్లు, మామిళ్లు, చింతలు బహువచనంలో నిలిచాయి. ఒక చెట్టు కాదు, తోపు ఉండేదని ఆ రూపమే సాక్ష్యం.

ఈ పేర్లను కాగితం మీద పెట్టే పని పద్దెనిమిదో శతాబ్దం చివర మొదలైంది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795 నుంచి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో, బొమ్మ పక్కన తెలుగు పేరు కూడా ఇచ్చాడు. తునికికి 'డయోస్పైరోస్ మెలనోక్సైలాన్', అంటే నల్లచేవ చెట్టు అని పేరు పెట్టింది ఆయనే. 1852లో బ్రౌను నిఘంటువు, 1859లో వాల్టర్ ఇలియట్ 'ఫ్లోరా ఆంధ్రికా' వచ్చాయి. ఇలియట్ పుస్తకం ఉత్తర సర్కారుల పేర్ల పట్టిక; వెలిగొండల వైపు పలుకుబడి అందులో తక్కువ. కలివి అనేదాన్ని ఒకచోట వాక్కాయ అంటారు, మొర్లిని ఇంకొకచోట సారచెట్టు అంటారు. తునికి, తుమికి ఒకటే. ఒకే పేరుతో రెండు చెట్లూ ఉన్నాయి. హిమాలయాల దేవదారు వేరు. నెల్లూరు, కడప మెట్ట అడవుల్లో దేవదారు అనేది ఎర్రటి చిన్న పండ్లు కాసే పొట్టి చెట్టు.

ఆ దేవదారు పేరు ఉదయగిరిలో ఇంకా రోజూ వినిపిస్తుంది, అయితే పండ్ల అంగడిలో కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసేవాళ్లు కొయ్యను పేరు పెట్టి అడుగుతారు: నర్ది, బిక్కి, పాలబరికి, దేవదారు. చెంచాల పనిలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాల ఆడవాళ్లు. ఏ కొయ్య నునుపు తేలుతుందో, ఏది చీలకుండా సన్నటి కాడకు ఆగుతుందో చేతికి తెలిశాకే ఆ పేర్లు నోటికి వస్తాయి. బిక్కికి తెల్లటి వాసన పూలు, తర్వాత గట్టి తొక్క ఉన్న తినే కాయలు. కొండ మీద ఉన్నంతకాలం అది కాయ కోసం గుర్తుండే చెట్టు, కొట్టంలోకి వచ్చాక అదే పేరుతో కొయ్య.